రెండు వందల నలభై తొమ్మిది గ్రాములు

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు, ఆత్మకూరు దాటి నల్లమల మొదలయ్యే చోట, ఈరేష్ చింతచెట్టు కింద కారు ఆపి బానెట్ ఎత్తి నీళ్ళు పోస్తున్నాడు. పావెల్ తన డ్రోన్‌ను డిక్కీ మీద పెట్టి మడిచిన రెక్కలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. అరచేతిలో పట్టే వస్తువు. బరువు రెండు వందల నలభై తొమ్మిది గ్రాములు, ఇంకొక్క గ్రాము ఎక్కువైతే చాలా దేశాల్లో రిజిస్టరు చేయించాలి. ఆ సంగతి ఈ మూడు రోజుల్లో ఈరేష్ కనీసం పదిసార్లు విన్నాడు. వంటింటి తక్కెడ మీద దాన్ని పెట్టి తీసిన ఫోటో కూడా ముసలాయన ఫోన్లో ఉంది.

పావెల్‌ది చెక్ దేశం. నలభై ఏళ్ళు ట్రామ్ బండి నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆ బుల్లి యంత్రాన్ని సంచిలో వేసుకుని దేశాలు తిరుగుతున్నాడు. ఏ దేశంలో ఎగరేయొచ్చు, ఎక్కడ కూడదు, ఎవరిని అడగాలి అన్నీ కాగితాల మీద అచ్చు వేయించుకుని దేశానికొక ప్లాస్టిక్ కవరు పెట్టుకున్నాడు. ఒమన్‌లో విమానం దిగగానే డ్రోన్ తీసుకుని రసీదు ఇచ్చారట, తిరిగి పోయేటప్పుడు రసీదు చూసి ఇచ్చేశారట. నేపాల్లో మూడు ఆఫీసుల్లో అర్జీలు పెట్టాడట. హైదరాబాదులో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. సంచి ఎయిర్‌పోర్టు స్కానింగు యంత్రంలో ఈ పక్కన దూరి ఆ పక్కన బయటికొచ్చింది. అదే ఆయనకు నచ్చలేదు. కాదన్నవాడితో పేచీ ఉండదు, ఏమీ అననివాడితోనే చిక్కంతా.

ఇండియా కవరులోంచి కాగితం తీసి, అడవివైపు చెయ్యి చూపించి, "ఇక్కడ పర్మిషన్ ఉందా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఈరేష్‌కు అర్థం కాకపోలేదు. ఎనిమిదేళ్ళుగా కర్నూల్లో టూరిస్టు కారు తోలుతున్నవాడికి పర్మిషన్ అన్న మాట తెలియకుండా ఉంటుందా? తెలియంది జవాబే. అయితే 'తెలియదు' అనే మాట డ్రైవరు నోట రాకూడదని ట్రావెల్స్ ఓనరు పనిలో చేరిన రోజే చెప్పాడు. గుహలో చల్లగా ఉంటుందా అని అడిగితే ఉంటుంది సార్ అనాలి. దారి బాగుందా అంటే బాగుంది సార్ అనాలి. వచ్చినవాళ్ళు సంతోషంగా ఉంటే బండికి మళ్ళీ గిరాకీ.

"నో ప్రాబ్లం సార్," అన్నాడు ఈరేష్.

పావెల్ మళ్ళీ అడిగాడు. ఈరేష్ నవ్వి బొటనవేలు ఎత్తి చూపించాడు.

యంత్రం సన్నగా మోత పెడుతూ లేచింది. చింతచెట్టు దాటి, రోడ్డు దాటి, ముళ్ళకంచె దాటి అడవి మీదికి పోయింది. పావెల్ చేతిలోని తెర మీద ఆకు రాలిన టేకుచెట్లు, మధ్యలో ఎండిన వాగు కనిపించాయి. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు. వందసార్లు పక్కనుంచి పోయిన అడవి పైనుంచి అట్లా ఉంటుందని ఈరేష్‌కు ఆ రోజే తెలిసింది. నిజంగానే ముచ్చటేసింది.

ఇరవై నిమిషాలకు అటవీశాఖ జీపు వచ్చింది. రేంజి ఆఫీసులో రాతపని చూసే శేషన్న అందులోంచి ఒక్క దూకు దూకాడు.

"పులులు తిరిగే తావు ఇది! డ్రోను ఎగరేసేదానికి ఎవరు చెప్పినారు మీకు?"

పావెల్‌కు మాట అర్థం కాలేదు గానీ గొంతు అర్థమైంది. ఆయన గబగబా డ్రోన్‌ను కిందికి దించాడు. శేషన్న రిమోటు లాక్కోబోతే ఈరేష్ ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, సార్, మావోడే సార్! నేనే పిల్చుకొచ్చినా. పెద్దాయన, ఏమనొద్దండి."

ఆ సీమలో అదొక అలవాటు. వెంట వచ్చిన మనిషికి కష్టం వస్తే ముందు 'మావోడే' అని అడ్డం నిలబడతారు, సంగతేమిటని తర్వాత అడుగుతారు. పెళ్ళిళ్ళలో, బస్టాండుల్లో, పంచాయతీల్లో ఆ ఒక్క మాటతో ఎన్నో గొడవలు చల్లారాయి. అక్కడ మాత్రం శేషన్న జేబులోంచి పుస్తకం తీసి, ఆ మాటను ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు.

నల్లగుండం రేంజి ఆఫీసు అంటే రెండు గదులు, ఒక వరండా, వరండాలో ఒక బెంచీ. రేంజరు వెంకటేశ్వర్లు చెడ్డవాడు కాదు. ఆయన్ను పీడించేది కాగితం. పావెల్ పాస్‌పోర్టును అటూ ఇటూ తిప్పి చూసి, పాము పిల్లను పట్టుకున్నవాడిలా మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఈరేష్‌ను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు.

"చూడప్పా. ఫారినర్ పేరు రాసినాననుకో, డివిజను ఆఫీసుకు ఒగ కాగితం, ఎస్పీ ఆఫీసుకు ఒగటి, ఆపైన ఢిల్లీకి ఒగటి. వాళ్ళడిగే ప్రశ్నలకు జవాబులు రాసేదానికే నా సర్వీసు అయిపోతాది. అదే నీ పేరు రాస్తే చిన్న కేసు. ఫైను కడితివి, ఇంటికి పోతివి. ఆయన విమానం ఆయన ఎక్కుతాడు."

"నేను ఎగరేయలా సార్. నాకు దాన్ని పట్టుకునేది గూడా రాదు."

"నువ్వే గదప్పా అంటివి, మావోడే, నేనే పిల్చుకొచ్చినా అని? శేషన్న రాసుకున్నాడు. సంతకం పెట్టు."

ఈరేష్‌కు శుక్రవారం గుర్తొచ్చింది. శుక్రవారం పదకొండు గంటలకు కర్నూలు పాస్‌పోర్టు ఆఫీసులో అతనికి టైమిచ్చారు. తన మీద ఏ కేసూ లేదని సర్టిఫికెట్ కావాలి. ఆ కాగితం అందితేనే కడప ఏజెంటు కువైటులో ఇంటి డ్రైవరు వీసా అతని పేరున ఖాయం చేస్తాడు. లేకపోతే వరసలో వెనకున్నవాడికి ఇచ్చేస్తాడు. ఈ వంతు కోసం రెండేళ్ళు కాచుకున్నాడు. చిన్న కేసు అయినా కేసే కదా.

"పెట్టను సార్," అన్నాడు.

"అట్లనా? సరే. కారు ఈడనే ఉంటాది, లైసెన్సు ఈడనే ఉంటాది. నీకు బుద్ధి పుట్టినప్పుడు చెప్పు."

రేంజరు పావెల్ పాస్‌పోర్టును రెండు చేతులతో తిరిగి ఇచ్చి, మీరు వెళ్ళొచ్చని ఇంగ్లీషులో చెప్పాడు. ముసలాయన కదల్లేదు. "డ్రోన్‌కు రసీదు?" అన్నాడు. రసీదు ఇస్తే ఆయన పేరున ఇవ్వాలి. ఆయన పేరు రాస్తే ఢిల్లీ దాకా కాగితాలు. రేంజరు నవ్వి, "రేపు, రేపు" అన్నాడు.

పావెల్ ఆత్మకూరు లాడ్జీలో దిగాడు. ఈరేష్ ఆ రాత్రి ఆఫీసు ఆవరణలో కారులోనే పడుకున్నాడు.

మంగళవారం మొదటి బస్సుకు అతని భార్య శివజ్యోతి వచ్చింది. కర్నూల్లో ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. మూడు వందల మందికి ఉగ్గాని కలిపే చెయ్యి, మాట కూడా గట్టిదే. బెంచీ మీద గుడ్డ పరిచి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి పెట్టి, మొగుడు రెండు ముద్దలు తినేదాకా ఊరుకుని, అప్పుడు అడిగింది.

"నిజం చెప్పు. ఆ ముసిలాయన నిన్ను అడిగే ఎగరేసినాడా?"

ఈరేష్ రొట్టె తుంచుతూ ఆగాడు. అడిగాడని చెప్పడానికి ఎంతసేపు? కానీ ఆ మాట ఒకసారి నోట్లోంచి వస్తే తనకు తానే సంతకం పెట్టినట్టు అనిపించింది.

"నన్నేంటికి అడుగుతాడు? నేను బానెట్‌లో నీళ్ళు పోస్తాంటి. తలెత్తి చూస్తే పైన ఉండాది."

ఆమెకు అది చాలు. చెయ్యి కడుక్కుని నేరుగా రేంజరు గదిలోకి పోయింది. ఆమె గొంతు వరండాలోకి వినబడింది.

"మా ఆయనకేం తెల్దు సార్. ఒగ మాట గూడా అడగలేదంట ఆయప్ప. మద్దిలేటి సామి మీద ఒట్టేసి చెప్తాండా. మావోడు తప్పు చేసింటే నేనే మీ ముందర చెప్పు తీసుకుని కొడ్తా."

ఈరేష్ ఇంకో రొట్టె ముక్క తుంచాడు. లేచి పోయి ఆపొచ్చు. లేవలేదు.

"రేపు చూద్దాం లేమ్మా" అన్నాడు రేంజరు. శివజ్యోతి మధ్యాహ్నం బస్సుకు హాస్టలుకు తిరిగిపోయింది.

బుధవారమూ 'రేపే' అయింది. ఊరికే కూర్చున్న డ్రైవరును చూస్తే ఆఫీసులో అందరికీ పనులు గుర్తొచ్చాయి. శేషన్న జీపు కడగమన్నాడు. ఈరేష్ కడిగాడు. చక్రాల సందుల్లో గట్టిపడిన ఎర్రమట్టిని పుల్లతో గీకి, అద్దాలు పాత పేపరుతో తుడిచి, వదులైన బెల్టు బిగించాడు. నీళ్ళ క్యాన్లు మోశాడు. వద్దనే ధైర్యం లేదు. బాగా చేస్తే మనసు కరుగుతుందేమోనన్న ఆశ కూడా ఉంది. ఆ ఆశ తలుచుకుంటేనే తన మీద తనకు రోత పుట్టింది.

పావెల్ రోజూ పొద్దున్నే ఆటోలో వచ్చేవాడు. కారం పడక పెరుగన్నం, అరటిపళ్ళతో కాలం గడుపుతున్నాడు. ఎండకు ముక్కు మీద తోలు లేచింది. రెండు అరటిపళ్ళు ఈరేష్ చేతిలో పెట్టి, పక్కన కూర్చుని, రసీదు కోసం ఎదురుచూసేవాడు. డ్రైవర్ను ఎందుకు కూర్చోబెట్టారో ఆయనకు తెలియదు. విదేశీయుడి పని అయ్యేదాకా డ్రైవరు కూడా ఉండాలనేది ఈ దేశపు రూలు కాబోలు అనుకున్నాడు. "నీకు చాలా ఓపిక," అన్నాడొకసారి. ఆ మాటకు ఈరేష్‌కు ఏడుపొచ్చినంత పనైంది. నీ బదులు నన్ను కట్టేశారు అని చెప్పడానికి తన ఇంగ్లీషు చాలదు. చాలినా, చెప్తే ఈయన ఏమంటాడు? నిన్ను అడిగాను కదా అంటాడు. అందుకే నోరు మూసుకుని అరటిపండు వలుచుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం శివజ్యోతి వెంట ఇంకొకామె దిగింది. ఇంగ్లీషు లెక్చరరు ప్రసన్నకుమారి. హాస్టలుకు ఆమే వార్డెను. వంటమనిషి రెండు రోజులుగా పప్పులో ఉప్పు మరిచిపోతుంటే కారణం అడిగి, విని, సెలవు పెట్టి బస్సెక్కింది.

ఆమె వచ్చీరాగానే పావెల్ పక్కన కూర్చుని ఇంగ్లీషులో విషయమంతా చెప్పింది. ముసలాయన ముఖం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఈరేష్ వైపు ఒకసారి చూసి, సంచిలోంచి తెల్లకాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. గీతలు లేని కాగితం మీద కూడా ఆయన వరస చెదరలేదు. ఒక్కో సంగతికి పక్కన టైము వేశాడు. శివజ్యోతి సంతోషం పట్టలేక టిఫిన్ బాక్సు కడగడానికి కుళాయి దగ్గరికి పోయింది.

ప్రసన్నకుమారి కాగితం చదివింది. సగంలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత ఈరేష్‌ను వరండా చివరికి పిలిచి గొంతు తగ్గించింది.

"ఎగరేసింది నేనే అని స్పష్టంగా రాసినాడు. కానీ ఎనిమిదీ నలభైకి డ్రైవర్ను పర్మిషన్ అడిగినా, ఏం ఫరవాలేదన్నాడు, మళ్ళా అడిగితే బొటనవేలు చూపించినాడు అని గూడా రాసినాడు. నిజమేనా?"

ఈరేష్ తల దించుకున్నాడు.

"ఇది ఇట్లే తెలుగులోకి రాసిస్తే నీ పేరు గూడా కేసులోకి వస్తాది. నీ భార్య నాతో ఇట్లా చెప్పలేదే!"

"దానికి తెల్దు మేడం."

ఇద్దరి ముఖాలూ చూసి పావెల్ దగ్గరికొచ్చాడు. ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. కువైట్ అన్న మాట, శుక్రవారం అన్న మాట ఈరేష్‌కు వినబడ్డాయి. ముసలాయన విని, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పాడు.

"నలభై ఏండ్లు ట్రామ్ నడిపినా అంటాండాడు," అంది ప్రసన్నకుమారి. "ఎక్కినోడు పొమ్మన్నాడని ఎర్రలైటు దాటితే తప్పు ఎక్కినోడిది కాదంట. ఆ రెండు వరసలు తీసేసి వేరే కాగితం రాస్తాడంట. నువ్వేమంటావు?"

ఉండనీయండి మేడం, ఆయన అడిగిన మాట నిజమే. ఈ వాక్యం ఈరేష్ నాలుక మీదికి వచ్చింది, పూర్తిగా వచ్చింది. కుళాయి దగ్గర శివజ్యోతి బాక్సు మూత తిప్పి తిప్పి కడుగుతోంది. తను అవునంటే ఈయన ఒక్కడూ మోస్తాడు. కాదంటే కువైటు పోతుంది, రెండేళ్ళు పోతాయి, భార్య వేసిన ఒట్టు దాని ముందే అబద్ధమవుతుంది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పావెల్ కాసేపు చూసి, కాగితం నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకుని, కొత్తది తీశాడు.

రేంజరు ఆ కొత్త కాగితాన్నీ, లెక్చరరు రాసిచ్చిన తెలుగు తర్జుమానూ చదివాడు. అడుగున లెక్చరరు సంతకం చూసి పెద్దగా నిట్టూర్చాడు.

"హాయిగా పోయే మనిషిని మీరే ఇరికిచ్చినారు మేడం. సరే. పాస్‌పోర్టు ఇయ్యమనండి. పైనుంచి ఆర్డరు వచ్చేదాకా ఆయన ఆత్మకూరు దాటకూడదు. పది దినాలో, నెలో, నేను చెప్పలేను."

పావెల్‌కు శనివారం రాత్రి విమానం ఉంది. ఆ సంగతి ఆయన అనలేదు. పాస్‌పోర్టు ఇచ్చి రసీదు అడిగాడు. ఈసారి ఇచ్చారు, డ్రోన్‌కొకటి, పాస్‌పోర్టుకొకటి. రెండూ ఇండియా కవరులో పెట్టుకున్నాడు. శేషన్న ఈరేష్ లైసెన్సు, కారు తాళాలు తెచ్చి చేతిలో పెట్టాడు. బెంచీ మీద ఇప్పుడు ముసలాయన ఒక్కడే కూర్చున్నాడు. ఈరేష్ ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు. పావెల్ ఆ చేతులు విడదీసి ఒక చెయ్యి పట్టుకుని ఊపాడు. తోటి డ్రైవరుకు ఇచ్చినట్టే ఇచ్చాడు చెయ్యి. అట్లా కాకుండా రెండు తిట్టినా బాగుండేది.

కర్నూలు దారిలో శివజ్యోతి ముందు సీట్లో కూర్చుని ఆపకుండా మాట్లాడింది. మేడం కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలంది. రేంజరును తిట్టింది, శేషన్నను తిట్టింది. చివరికి, "ఆ ముసిలాయన మంచోడే, కాదన్ను. అయితే ఎగరేసే ముందర ఒగ మాట మనోణ్ణి అడిగింటే ఇంత దూరం వచ్చునా మేడం?" అంది.

 వెనక సీట్లో ప్రసన్నకుమారి ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. బయట చూడడానికి దున్ని వదిలేసిన చేలు తప్ప ఏమీ లేవు. శివజ్యోతి వెనక్కి తిరిగి ఆమెను చూసింది, తర్వాత పక్కకు తిరిగి మొగుణ్ణి చూసింది. 

లెక్చరరును హాస్టలు గేటు దగ్గర దించి, కారు మలుపు తిరిగాక అడిగింది.

"అడిగినాడా?"

ఈరేష్ గేరు మార్చాడు. "అడిగినాడు."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. తెల్దని చెప్పలేక సరే అంటి."

"సామి మీద ఒట్టేసినా నేను."

"విన్నా."

"విని కూర్చుంటివా?"

అతను వేగం తగ్గించాడు. అరుస్తుందేమో, కారు దిగి పోతుందేమో, వెనక్కి తిప్పమంటుందేమో అని చూశాడు. తిప్పమంటే తిప్పడానికి సిద్ధంగానే ఉన్నాడు. మనసులో ఎక్కడో ఆమె అట్లా అంటే బాగుండని కూడా ఉంది. శివజ్యోతి ఒళ్ళో టిఫిన్ బాక్సు పట్టుకుని ఇల్లు చేరేదాకా రోడ్డు వైపే చూసింది. ఇంటికొచ్చి అతని తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చేసింది. "పదకొండుకు గదా? పదికే పోదాం," అంది.

శుక్రవారం పాస్‌పోర్టు ఆఫీసులో జనం పలచగా ఉన్నారు. టోకెన్ నంబరు తెర మీద పడగానే ఈరేష్ లేచాడు. ఆమె కూడా లేచింది. కౌంటరు వెనక గుమాస్తా అతని కాగితాలు తిరగేసి, ఫోటో, ముఖం పోల్చి చూసి, తల ఎత్తకుండానే అడిగాడు.

"పోలీసు కేసులు, ఇంకే డిపార్టుమెంటు కేసులైనా ఉండాయా?"

"లేవు సార్," అంది శివజ్యోతి.

అతను ఇంకా నోరు తెరవలేదు. ఆమె గొంతు తడబడలేదు. ఒట్టు వేసిన రోజు ఎంత గట్టిగా ఉందో ఈ రోజూ అంతే గట్టిగా ఉంది. ఆ రోజు తెలియక వేసింది, ఈ రోజు అన్నీ తెలిసి చెప్పింది.

గుమాస్తా తల ఎత్తాడు. "నిన్ను గాదమ్మా అడిగింది. ఆయన్ను చెప్పనీ."

ఈరేష్ ఆమె వైపు చూశాడు. ఆమె గోడ మీది గడియారం చూస్తోంది. తను చెప్పబోయేది అబద్ధం కాదు. అతని మీద ఏ కేసూ లేదు, ఎక్కడ వెతికినా దొరకదు. ఆత్మకూరు లాడ్జీలో ఈ పాటికి ముసలాయన అరటిపళ్ళు కొనుక్కుని ఆటో కోసం చూస్తూ ఉంటాడు.

"లేవు సార్," అన్నాడు.

గుమాస్తా గాజుపలక ఉన్న చిన్న యంత్రాన్ని ముందుకు జరిపి, బొటనవేలు దాని మీద పెట్టమన్నాడు. ఈరేష్ పెట్టాడు. వేలు చెమటగా ఉంది, తుడిచి మళ్ళీ పెట్టమన్నాడు. శివజ్యోతి కొంగు అంచు అందించింది. అతను వేలు తుడుచుకుని, మళ్ళీ పెట్టి, యంత్రం చాలు అనేదాకా కదలకుండా నిలబడ్డాడు.